తలలు మార్చుకునే మాటలు

ఐర్లండ్‌లో చదువుకున్నవాళ్ళను ఐరిష్ వచ్చా అని అడిగితే చాలామంది తల అడ్డంగా ఊపుతారు. బడి వదిలాక అంతా మర్చిపోయాం అంటారు. కానీ ఒక్క వాక్యం మాత్రం అర్ధరాత్రి లేపి అడిగినా తడుముకోకుండా చెప్పేస్తారు: 'అన్ విల్ క్యాద్ అగమ్ దుల్ గొ జీ అన్ లెహ్రస్?' మరుగుదొడ్డికి వెళ్ళొచ్చా టీచర్, అని. అక్కడివాళ్ళు తమను తామే ఎగతాళి చేసుకోవడానికి వాడే వాక్యం ఇది. నాకు మాత్రం ఆ భాష మీద పాఠం మొదలుపెట్టడానికి ఇంతకన్నా మంచి వాక్యం కనిపించదు.

విప్పి చూద్దాం. 'అన్' అనేది ప్రశ్న గుర్తు, మనం మాట చివర తీసే 'ఆ' దీర్ఘం లాంటిది. 'విల్' అంటే ఉంది. 'క్యాద్' అంటే అనుమతి. 'అగమ్' అంటే నా దగ్గర. వరసగా పెడితే 'ఉందా అనుమతి నా దగ్గర, వెళ్ళడానికి, మరుగుదొడ్డి దాకా' అవుతుంది. ఏదైనా నాకుందని చెప్పడానికి 'నా దగ్గర ఉంది' అనడం ఇంగ్లీషువాళ్ళకు వింతగాని మనకు మామూలే. క్రియ ముందుకొచ్చి కూర్చోవడం ఒకటే మనకు కొత్త. అసలు తమాషా వేరే ఉంది. ఈ వాక్యంలో రెండు మాటల మొదటి ధ్వని వాటి సొంతం కాదు. 'విల్' అసలు రూపం 'ఫిల్'. 'జీ' అసలు రూపం 'చీ'. పక్క మాటను బట్టి రెండూ తలలు మార్చుకున్నాయి.

పెద్దయ్యాక ఐరిష్ మొదలుపెట్టినవాళ్ళను మొదటి నెలలోనే బెదరగొట్టేది ఇదే. మనం నేర్చుకునే భాషలు చాలావరకు మాట చివర మారతాయి. రాముడు, రాముణ్ణి, రాముడికి. తల పదిలంగా ఉంటుంది కాబట్టి నిఘంటువులో వెతుక్కోవచ్చు. ఐరిష్‌లో పుస్తకం తెరిస్తే కనిపించిన మాట నిఘంటువులో ఉండదు. పిల్లిని 'కత్' అంటారని నేర్చుకుంటాం. మర్నాడు పాఠంలో 'ఖత్' వస్తుంది, ఎల్లుండి 'గత్' వస్తుంది. మూడూ ఒకే పిల్లి. (ఇక్కడ ఖ అని రాసిన చోటల్లా ఉర్దూ 'ఖబర్'లో గొంతు గీరుకునే ధ్వని అనుకోండి.)

'అ కత్' అంటే ఆమె పిల్లి. 'అ ఖత్' అంటే అతని పిల్లి. 'అ గత్' అంటే వాళ్ళ పిల్లి. ముందున్న 'అ' మూడు చోట్లా ఒక్కటే. ఎవరి పిల్లో చెప్పే భారమంతా పిల్లి తల మీదే పడింది.

వింటే ఎవరో కావాలని పెట్టిన చిక్కుముడిలా ఉంటుంది. ఇంగ్లీషులో రాసిన పరిచయ పుస్తకాలు కూడా దీన్ని కెల్టిక్ భాషల విడ్డూరంగానే చెబుతాయి. తెలుగువాడు మాత్రం ఆశ్చర్యపోనక్కర్లేదు. మనం రోజూ అనే మాటలు చూడండి. అన్న, తమ్ముడు కలిస్తే అన్నదమ్ములు. తల్లి, తండ్రి కలిస్తే తల్లిదండ్రులు. కూర, కాయ కలిస్తే కూరగాయలు. తమ్ముడి తల 'త', అన్న పక్కన చేరేసరికి 'ద' అయింది. తరగతిలో గసడదవాదేశ సంధి అని చదివి, పరీక్ష రాసి, మర్చిపోయిన సంగతి ఇదే. ఊరు, పల్లె కలిసి పాత పుస్తకాల్లో ఊరువల్లెలు అయినట్టు, ఐరిష్‌లో 'బో' అనే ఆవు 'మొ' (నా) పక్కన చేరి 'మొ వో' అవుతుంది. రెండు అచ్చుల మధ్య ఇరుక్కున్నప్పుడు పెదవులు పూర్తిగా మూసుకోవడానికి బద్ధకిస్తాయి. గాలి సందులోంచి జారిపోతుంది. కృష్ణాతీరమైనా అట్లాంటిక్ తీరమైనా నోరు నోరే.

ఇంతకన్నా దగ్గర పోలిక సరళాదేశ సంధిలో ఉంది. 'పూచెన్' పక్కన 'కలువలు' వస్తే 'పూచెఁ గలువలు' అవుతుంది. న్ అనే ద్రుతం తన పక్కనున్న క ని గ గా మార్చేసి, తాను అరసున్నగా కుంగిపోయింది. తర్వాత అరసున్న కూడా ఉచ్చారణలోంచి పోయింది. ఇప్పుడు ఒక్క అడుగు ముందుకేసి ఊహించండి. రాతలోంచి కూడా అరసున్న తుడిచిపెట్టుకుపోయి, 'పూచె గలువలు' అని మిగిలిందనుకుందాం. అక్కడ ఒకప్పుడు న్ ఉండేదని చెప్పే సాక్షి ఆ గ ఒక్కటే. ఐరిష్ సరిగ్గా ఆ స్థితిలో ఉన్న భాష.

పిల్లి దగ్గరికి మళ్ళీ వెళదాం. అతని, ఆమె, వాళ్ళ అనే మూడు మాటలకూ ఒకప్పుడు వేర్వేరు చివరలు ఉండేవి. ఐరిష్, సంస్కృతం ఒకే పాత కుదురు నుంచి వచ్చిన ఇండో యూరోపియన్ భాషలు కాబట్టి ఆ చివరలు ఎలాంటివో సంస్కృతంలో ఇప్పటికీ చూడొచ్చు. అస్య, అస్యాః, ఏషామ్. 'అస్య' అచ్చుతో ముగుస్తుంది. దానికి సాటి వచ్చిన పాత ఐరిష్ మాట పక్కన క రెండు అచ్చుల మధ్య పడి మెత్తబడింది, ఖ అయింది. 'అస్యాః' చివర సకారం నుంచి వచ్చిన విసర్గ ఉంది, ఆ అడ్డు వల్ల క చెక్కుచెదరలేదు. 'ఏషామ్' చివర అనునాసికం ఉంది, మన ద్రుతం చేసిన పనే అదీ చేసింది, క ని గ చేసింది. తర్వాత మూడు చివరలూ రాలిపోయాయి. మిగిలింది బోడి 'అ', దాని పక్కన మూడు తలల పిల్లి.

చివరలు రాలిపోయాయని ఇంత ధీమాగా ఎలా చెబుతున్నారు అని అడగొచ్చు. రాళ్ళ మీద ఉంది. క్రీస్తు శకం నాలుగో శతాబ్దం నుంచి ఆరో శతాబ్దం దాకా ఐర్లండ్‌లో, బ్రిటన్ పడమటి తీరంలో, రాతి అంచుల మీద గీతలుగా చెక్కిన ఓగమ్ శాసనాలు దాదాపు 400 దొరికాయి. వాటిలో ఎక్కువగా 'ఫలానావాడి కొడుకు ఫలానావాడిది' అన్న ధోరణే. 'కొడుకు యొక్క' అనడానికి వాటిలో 'మక్వి' అని ఉంటుంది. చివర 'ఇ' శుభ్రంగా కనిపిస్తుంది. ఈనాటి ఐరిష్‌లో దాని వారసుడు 'మిక్'. తోక ఊడిపోయింది, పోతూ పోతూ లోపలి అచ్చు మీద తన నీడ వదిలిపోయింది.

ఏడు అనే అంకె దగ్గరా ఇదే కథ. ఏడుని 'షఖ్త్' అంటారు, మన సప్తకు దూరపు చుట్టం. మూల రూపం చివర అనునాసికం ఉండేది కాబట్టి ఏడు పిల్లులు 'షఖ్త్ గత్'. తొమ్మిదికీ పదికీ అంతే. ఎనిమిదికి మాత్రం ఆ హక్కు లేదు, దాని పాత రూపం చివర అనునాసికం లేదు. అయినా 'ఒఖ్త్ గత్' అనే అంటారు. ఇటు ఏడు, అటు తొమ్మిది ఏం చేస్తే మధ్యలో ఎనిమిదీ అదే చేసింది. భాషల్లోనూ ఇరుగుపొరుగును చూసి నేర్చుకోవడం ఉంటుంది.

రాత దగ్గర ఐరిష్ పండితులు ఒక తెలివైన పని చేశారు. మనం 'గలువలు' అని మారిన అక్షరాన్నే రాస్తాం. వాళ్ళు గ అక్షరాన్ని ముందు పెట్టి, పక్కనే పాత క ని కూడా ఉంచుతారు. పలికేది గ, కనిపించేది గ, క రెండూ. పాత తల చెక్కేయకుండా దాని ముందు కొత్త ముసుగు తొడిగినట్టు. మెత్తబడిన హల్లు మీద పాత ఐరిష్ లిపిలో ఒక చుక్క పెట్టేవారు. రోమన్ అచ్చులోకి మారాక చుక్క బదులు పక్కన హెచ్ అక్షరం చేరుస్తున్నారు. ఐరిష్ పేజీ నిండా హెచ్‌లు కిక్కిరిసి ఉండడానికి కారణం అదే. అవి అక్షరాలు కావు, చుక్కలు.

ఇంకో చిన్న ముచ్చట. గాల్వే పట్టణాన్ని ఐరిష్‌లో 'గాల్యివ్' అంటారు. గాల్వేలో అనాలంటే 'ఇ ఙాల్యివ్'. మనం అక్షరమాలలో వల్లెవేసి, ఆ పైన జీవితంలో ఎక్కడా మాట మొదట వాడని ఙ కి పని దొరికిన ఊరు అది.

నియమాలు ఇలా వివరంగా తెలిస్తే భాష వచ్చేసినట్టేనా? కాదు. పెద్దవాళ్ళ అసలు కష్టం చెవి దగ్గర మొదలవుతుంది.

ఐరిష్‌లో దాదాపు ప్రతి హల్లుకీ రెండు రూపాలు. ఒకటి వెడల్పు, ఒకటి సన్నం. నాలుక నడుము అంగిలివైపు లేస్తే సన్నం, లేవకపోతే వెడల్పు. 'బో' అంటే ఆవు, 'బ్యో' లాంటిది పలికితే బతికున్న అని అర్థం. సన్నం స మనకు ష లా వినిపిస్తుంది, అందుకే షాన్ అనే పేరు స అక్షరంతోనే రాస్తారు. ఇక్కడా మనకో పట్టు ఉంది. చలి, చుక్క, చోటు పలికి చూడండి. తర్వాత చిలక, చెట్టు, చేప పలకండి. అక్షరం ఒకటే, ధ్వనులు రెండు. మొదటి మూడింటిలో నాలుక పళ్ళ దగ్గర ఉంది, రెండో మూడింటిలో అంగిలి దగ్గర. పక్క అచ్చును బట్టి చ మారుతోందని మనకు తెలియకుండానే మన నోటికి తెలుసు. మనకు చ, జ అనే రెండు అక్షరాల దగ్గర ఉన్న అలవాటును ఐరిష్ హల్లులన్నిటికీ పాకించింది. ఐరిష్ స్పెల్లింగులో అనవసరంగా కనిపించే అచ్చుల్లో సగం పలకడానికి కావు, పక్క హల్లు సన్నమా వెడల్పా అని చెప్పడానికి. మనం బ కింద య ఒత్తు ఇచ్చే చోట వాళ్ళు ఇ గాని ఎ గాని నిలబెడతారు.

చెవి ఎందుకు మొండికేస్తుంది? జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ 1984లో ప్రచురించిన ప్రయోగం ఈ విషయంలో మైలురాయి. ఇంగ్లీషు ఇళ్ళలో పెరిగే పసిపాపలకు హిందీలోని త, ట ధ్వనులు వినిపించారు. ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలు తేడా గుర్తుపట్టారు. పది, పన్నెండు నెలలు వచ్చేసరికి ఆ శక్తి చాలావరకు పోయింది. అంటే తాతకు టాటా చెప్పడంలో ఉన్న తేడా, ఆ ఇంటి పెద్దలకు వినపడనట్టే, ఏడాది నిండేసరికి ఆ పిల్లకూ వినపడడం మానేసింది. చెవి చెడలేదు. ఇంట్లో పనికిరాని తేడాను మెదడు పట్టించుకోవడం మానేసింది, అంతే.

అయితే ఆ తలుపుకు తాళం పడదు. జపాన్ వాళ్ళకు ఇంగ్లీషు ర, ల తేడా వినడం నేర్పిన ప్రయోగాలు 1990ల మొదట్లో అమెరికాలో జరిగాయి. ఒకే మనిషి గొంతుతో శిక్షణ ఇస్తే, కొత్త గొంతు వినిపించగానే నేర్చుకున్నవాళ్ళు తడబడ్డారు. చాలా గొంతులతో నేర్పితే కొత్త గొంతులోనూ తేడా పట్టుకోగలిగారు. అందుకే ఐరిష్ నేర్చుకునేవాళ్ళు శాపంలా చెప్పుకునే ఒక సంగతి నాకు వరంలా అనిపిస్తుంది. ఆ భాషకు ప్రధానంగా మూడు మాండలికాలున్నాయి. ఎలా ఉన్నారు అనడానికి ఉత్తరాన డొనెగాల్‌లో ఒక వాక్యం, పడమట కొన్నెమారాలో ఇంకో వాక్యం, దక్షిణాన కెర్రీలో మరో వాక్యం. 1958లో ప్రభుత్వం ప్రామాణిక భాషా రూపాన్ని ప్రకటించింది, కానీ అది రాతకే. పలుకుబడికి ఫలానాదే సరైనదన్న ఆజ్ఞ లేదు. 'తంగ్లన్' అనే ఆన్‌లైన్ నిఘంటువులో ఒకే మాటను మూడు ప్రాంతాలవాళ్ళ గొంతుల్లో వినొచ్చు. ఏదో ఒక మాండలికం ఎంచుకుని దానిలోనే మాట్లాడమంటారు గురువులు, అది సబబే. చెవికి మాత్రం మూడూ పెట్టాలి.

వయసు గురించి కూడా మనకు ఉన్న భయం సగమే నిజం. ఇంగ్లీషు మాట్లాడే కుటుంబాలు నెదర్లాండ్స్ వెళ్ళి స్థిరపడినప్పుడు, డచ్ ఎవరు త్వరగా పట్టుకుంటారో కేథరిన్ స్నో, మరియన్ హూఫ్నాగెల్-హూలె ఏడాదిపాటు గమనించారు. 1978లో వచ్చిన ఫలితం చాలామందికి మింగుడు పడలేదు. మొదటి నెలల్లో ముందున్నది పెద్దవాళ్ళు, పన్నెండు పదిహేనేళ్ళ పిల్లలు. మూడు నాలుగేళ్ళ బుడతలు వెనకబడ్డారు. చివరికి చిన్నతనంలో మొదలుపెట్టినవాళ్ళే దూరం వెళతారన్నది కూడా నిజమే. 2018లో దాదాపు 6,70,000 మంది ఇంగ్లీషు వ్యాకరణ పరీక్షను విశ్లేషించిన అధ్యయనం, కొత్త భాష వ్యాకరణాన్ని పట్టే శక్తి పదిహేడేళ్ళ దాకా నిలిచి ఆ తర్వాత తగ్గుతుందని తేల్చింది. నలభై ఏళ్ళవాడికి దీనిలోంచి వచ్చే కబురు ఇది: పుట్టుకతో వచ్చినవాడిలా పలకలేకపోవచ్చుగాని, మొదటి ఆరు నెలల్లో అయిదేళ్ళ పిల్లవాడికంటే ముందుంటాడు. గసడదవాదేశం లాంటి సూత్రాన్ని ఒక్కసారి చెబితే అర్థం చేసుకోగలగడం పెద్దవాళ్ళకే ఉన్న సౌకర్యం.

మరి పదమూడు, పద్నాలుగేళ్ళు బడిలో చదివినవాళ్ళకు ఎందుకు రాలేదు? 1937 రాజ్యాంగం ఐరిష్‌ను మొదటి అధికార భాష అంది. 2022 జనగణనలో 18.7 లక్షల మంది మాకు ఐరిష్ వచ్చని రాశారు. చదువు వ్యవస్థ బయట రోజూ మాట్లాడేవాళ్ళు మాత్రం సుమారు 72 వేలు. పంతొమ్మిదో శతాబ్దపు కరవు, వలసలు, ఇంగ్లీషు చదువు కలిసి ఇళ్ళలోంచి వెళ్ళగొట్టిన భాషను బడి ఒక్కటే తిరిగి ఇళ్ళలోకి తేలేకపోయింది. దీని మీద అక్కడ వందేళ్ళుగా వాదనలు నడుస్తున్నాయి, వాటిలోకి నేను దిగను. మరుగుదొడ్డి వాక్యం ఎందుకు నిలిచిందో మాత్రం చెబుతాను. మిగతా పాఠమంతా చదివారు, రాశారు, దిద్దించుకున్నారు. ఈ వాక్యాన్ని మాత్రం అవసరం పడ్డప్పుడల్లా పుస్తకం చూడకుండా తలలోంచి బయటికి లాగారు, అదీ కొంచెం తొందరలో.

అలా లాగడం ఎంత పనిచేస్తుందో రోడిగర్, కార్పికి అనే పరిశోధకులు 2006లో కొలిచి చూపించారు. ఒక పేరా ఇచ్చి కొందరిని మళ్ళీ మళ్ళీ చదవమన్నారు, కొందరిని పేజీ మూసి గుర్తున్నది రాయమన్నారు. అయిదు నిమిషాల తర్వాత చూస్తే మళ్ళీ చదివినవాళ్ళదే పైచేయి. వారం తర్వాత చూస్తే తలకిందులైంది. ఫోన్ యాప్‌లు ఐరిష్ నేర్పే పద్ధతి కొంతవరకు దీని మీదే నడుస్తుంది, కానీ నాలుగు జవాబుల్లోంచి ఒకటి ఎంచుకోవడం తలలోంచి లాగడం కాదని నా ఫిర్యాదు. 'ఆమె పిల్లి, అతని పిల్లి, వాళ్ళ పిల్లి' అని గట్టిగా, రోజుకు పదిసార్లు, ఇంట్లో వాళ్ళు విసుక్కునేదాకా అనుకోవాలి.

డబ్లిన్‌లో పిల్లల్ని బడిలో వేసిన తెలుగు తల్లిదండ్రులకు ఈ భాష హోంవర్కు రూపంలో ఇంటికొస్తుంది, ప్రాథమిక పాఠశాలలో ఐరిష్ తప్పనిసరి కాబట్టి. ఇంగ్లీషు వైపు నుంచి వెళ్ళకుండా తెలుగు వైపు నుంచి వెళితే వాళ్ళకు చాలా వాక్యాలు తేలిక. 'తా ఒక్రస్ ఒరమ్': ఉంది ఆకలి నా మీద. మనకూ ఆకలి వేస్తుంది, మనం ఆకలిని ఏమీ చెయ్యం. 'తా గేల్గ్య అగమ్': ఐరిష్ నా దగ్గర ఉంది, అంటే నాకు వచ్చు. అవును, కాదు అనే మాటలు ఆ భాషలో లేవని ఇంగ్లీషువాళ్ళు కంగారుపడతారు. 'చూశావా?' అంటే 'చూశా' అంటాం కదా, వాళ్ళదీ అదే పద్ధతి: 'అన్ వాక తూ?' అంటే 'ఖొనిక్'. ఒకే క్రియకు ప్రశ్నలో ఒక వేషం, జవాబులో ఇంకో వేషం ఉండడం మాత్రం ఏ వైపు నుంచి వెళ్ళినా కష్టమే, నియమాలకు లొంగని మొండి క్రియలు మొత్తం పదకొండు ఉన్నాయి, కంఠస్థం చెయ్యాలి. ఇక మనుషుల లెక్క. పిల్లులైతే 'త్రీ ఖత్', మనుషులైతే 'త్రూర్'. నలుగురు 'క్యాహ్రర్', అయిదుగురు 'కూగర్'. మనిషిని లెక్కపెట్టడానికి వేరే అంకెలెందుకు అని ఇంగ్లీషు పిల్లాడు అడుగుతాడు. ఇద్దరు, ముగ్గురు, నలుగురు అంటూ పెరిగినవాడు అడగడు.

పుస్తకం పని పూర్తయ్యాక మనుషుల దగ్గరికి వెళ్ళక తప్పదు. ఐరిష్ ఇంటి భాషగా నిలిచిన ప్రాంతాలను 'గేల్తఖ్త్' అంటారు. ఎక్కువ భాగం పడమటి తీరం వెంబడే ఉన్నాయి. కొత్తగా నేర్చుకునేవాడు అక్కడికి వెళ్ళి రెండు ముక్కలు కష్టపడి అంటే, అవతలివాడు జాలిపడి ఇంగ్లీషులోకి మారిపోతాడు. మర్యాద కొద్దీ చేసే ఈ పని నేర్చుకునేవాడి ఆశ మీద నీళ్ళు చల్లుతుంది. డొనెగాల్‌లో గ్లెన్‌కొలమ్‌కిల్ అనే మారుమూల లోయలో 1984 నుంచి 'ఇద్యస్ గేల్' అనే సంస్థ పెద్దవాళ్ళకోసమే తరగతులు నడుపుతోంది. అక్కడికి చేరేవాళ్ళందరూ తప్పులు మాట్లాడడానికే వచ్చినవాళ్ళు కాబట్టి ఎవరూ ఎవరి మీదా జాలిపడరు.

ఆ దారి తొక్కిన పాతకాలపు విద్యార్థి ఒకడున్నాడు. కార్ల్ మార్‌స్ట్రాండర్ అనే నార్వే యువకుడు 1907లో కెర్రీ తీరానికి అవతల గ్రేట్ బ్లాస్కెట్ దీవికి వెళ్ళాడు. దీవివాళ్ళు అతనికి 'లొఖ్లనఖ్' అని పేరు పెట్టారు, వైకింగ్ అని అర్థం. అతనికి భాష చెప్పినవాడు తొమాస్ ఓ క్రిహన్ అనే జాలరి. ఈ గురువు పుట్టినప్పటి నుంచి మాట్లాడింది ఐరిషే అయినా, బడిలో నేర్చుకున్నది ఇంగ్లీషు చదవడం, రాయడం. తన భాష చదవడం నలభై దాటాక నేర్చుకున్నాడు. వాతావరణం బాగోలేక ప్రధాన భూభాగంలో ఆగిపోయిన రోజుల్లో, అక్కడి ఇళ్ళలో బడికి వెళ్ళే పిల్లలు చదువుతుంటే విని, అక్షరాలు పట్టుకున్నాడు. తల మార్చుకున్న మాటలన్నీ నోటికి తెలుసు, వాటిని కాగితం మీద గుర్తుపట్టడమే ఆయనకు మిగిలిన పని.

ఆయన ఆత్మకథ 1929లో అచ్చయింది. పేరు 'అన్ తిల్యానఖ్', దీవి మనిషి అని. ఆ రెండో మాట కోసం నిఘంటువులో టి దగ్గర వెతికితే దొరకదు. ఓ దగ్గర చూడాలి.